ఒత్తు లేని ఊరు

వదినా,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి నీ పక్కవాటా వదినగా, రెండోసారి ప్రూఫ్ రీడరుగా. మొదటిసారి కళ్ళు తడిశాయి, రెండోసారి ఒళ్ళు మండింది. ఫోను చేయొచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు ఏడుస్తావు, నేను అరుస్తాను. నీ పక్కన మీ ఆయన, మా అన్నయ్య ఉంటాడు కాబట్టి ఆయన దగ్గు గురించి మాత్రం ఇద్దరం ఒక్క ముక్క మాట్లాడం. అందుకే ఈ కాగితం.

ముందు ఇక్కడి సంగతి. మన ఇల్లు అమ్మకం ఖాయమైంది. మన ఇల్లు అని రాశాను చూడు! పద్నాలుగేళ్ళు అద్దె కట్టి, కారే పైకప్పు కింద గిన్నెలు పెట్టి, గోడలకు సున్నం మనమే వేసుకుంటే నోటికి అలా అలవాటైపోయింది. ఓనరు మాత్రం ఏనాడూ నోరు జారలేదు. ఎప్పుడూ "నా ప్రాపర్టీ" అనే అన్నాడు. నిన్న కొలతల వాళ్ళు వచ్చి ఖాళీగా ఉన్న మీ వాటాలో టేపు పరిచారు. "ఈ గోడ కొట్టేస్తే హాలు బాగా వస్తుంది" అన్నాడొకడు. నువ్వు అటు, నేను ఇటు కూర్చుని కబుర్లు చెప్పుకున్న గోడే. నేను వాళ్ళ మీద లేచాను. మా ఆయన నా చెయ్యి పట్టి లాగి, "వాళ్ళూ రోజు కూలీకి వచ్చినవాళ్ళే. నీ ఉపన్యాసం ఓనరుకి ఇవ్వరాదూ?" అన్నాడు. నిజమే. కోపం ఎప్పుడూ చేతికందిన వాళ్ళ మీదే పడుతుంది. చేతికందని వాళ్ళు ఏసీ గదుల్లో ఉంటారు.

ఇక నీ ఉత్తరం. అన్నయ్య స్ప్రే పెయింటు షాపులో ఇరవై రెండేళ్ళు పరాయివాళ్ళ కార్లకు రంగులు కొట్టి, తన ఊపిరితిత్తులకూ ఒక పూత వేసుకున్నాడు. షాపు వాడు ముక్కుకు కట్టుకోవడానికి ఒక మంచి మాస్కు కొనివ్వలేదు. డాక్టరు మాత్రం తేలిగ్గా, "దుమ్ము లేని ఊరికి మారిపోండి" అని చీటీ రాశాడు. మందు పేరు రాశాడు, పూటకెన్ని వేసుకోవాలో రాశాడు, ఊరి పేరు రాయలేదు. ఊరి పేరు నేనిచ్చాను. మా వారపత్రికలో వచ్చిన "తక్కువలో బతకగల పది ఊళ్ళు" పట్టిక కత్తిరించి, నీ కుట్టుమిషను మీద పెట్టి, నాలుగో వరస మీద వేలు పెట్టాను. పక్క రాష్ట్రం, తక్కువ అద్దె, మంచి గాలి. ముందు మీరు వెళ్ళడం, ఇక్కడ గడువు అయ్యాక మేము రావడం, పక్కపక్క వాటాలు. అదీ మనం అనుకున్నది.

ఇప్పుడు నువ్వేమో అద్దె పట్టికలో ఉన్నదానికి రెట్టింపు అంటావు. వదినా, పొరుగు రాష్ట్రం నుంచి మూటాముల్లెతో దిగిన మనిషిని చూస్తే బ్రోకరుకి పంట పండినట్టే. నీ ముఖం చూసి ధర చెప్పి ఉంటాడు. కిటికీలు మూసినా సాయంత్రానికి మిషను మీద తెల్లటి పొడి పేరుకుంటోందని రాశావు. ఊరి చుట్టూ రాళ్ళు పిండి కొట్టే క్రషర్లేనని రాశావు. ఊరంతా అలా ఎందుకుంటుంది? నువ్వు ఏదో ఒక మూలన దిగి, ఊరంతా ఇంతే అంటున్నావు. పట్టికలో స్పష్టంగా ఉంది, "గాలి: శుభ్రం" అని. దాన్ని చివరిగా దిద్దింది నేను. నా చెయ్యి దాటిన కాగితంలో తప్పుండదని నీకు తెలియదా? ప్రెస్సులో నన్ను "ఒత్తుల రాక్షసి" అని ఊరికే అంటారా?

అన్నయ్య ఆస్పత్రి కార్డు అక్కడ చెల్లదన్నారట. రాష్ట్రం గీత దాటితే మనిషి ఊపిరి పరాయిదైపోతుందా? సరుకుల లారీలు గీత దాటొచ్చు, కంపెనీలు దాటొచ్చు, రోగి దాటితే మాత్రం "మీ వివరాలు మా దగ్గర లేవు". దీని మీద రాస్తాను. ఆ ఊరి బ్రోకర్ల మీద, ఓనర్ల మీద కూడా రాస్తాను. వచ్చే సంచికలోనే. వదిలిపెట్టను.

నువ్వు ఇల్లు మారు. ఊరి అవతలి వైపు వెతుకు. "వెనక్కి వచ్చేద్దామా" అని మాత్రం ఇంకోసారి రాయకు. ఏ వెనక్కి వస్తావు? వెనక ఏముంది? ఆ ఊరు మంచిదే అయి ఉండాలి వదినా. కాకపోతే మేమెక్కడికి పోవాలి?

నీ పక్కవాటా వదిన


*


వదినా,

ఇది చిన్న ఉత్తరం. వెంటనే జవాబు కావాలి.

బస్టాండుకి వెళ్ళి, అక్కడ పెద్ద బోర్డు మీద ఊరి పేరు ఎలా రాసి ఉందో చూడు. నోటితో ఎలా అంటారో కాదు, ఎలా రాశారో చూడు. పేరు మధ్య అక్షరం కింద ఒత్తు ఉందా, లేదా? బోర్డు మీద చూసింది చూసినట్టు ఒక కార్డు మీద దించి పంపు. బోర్డు రంగు వెలిసిపోయి ఉంటే పోస్టాఫీసు ముద్రలో చూడు. ఎందుకని అడగకు. జవాబు రాగానే అంతా రాస్తాను.

బ్రోకర్ల మీద నా వ్యాసం అచ్చయింది. మెచ్చుకుంటూ ఉత్తరాలు వస్తున్నాయి. ఒకటి మాత్రం మెచ్చుకోలు కాదు.

మూడు రోజులుగా మెతుకు లోపలికి దిగడం లేదు. మా ఆయన "ఎవరితో పోట్లాడి వచ్చావు?" అని అడుగుతున్నాడు. ఎవరితోనూ కాదంటే నమ్మడు. అన్నయ్య దగ్గు ఎలా ఉంది? మెట్లెక్కుతున్నాడా? ఈ రెండు ప్రశ్నలకూ నిజం రాయి. నేను బాధపడతానని తగ్గించి రాయకు.

వదిన


*


వదినా,

కార్డు అందింది. బోర్డు మీద ఒత్తు లేదు. నాకు తెలుసు, ఉండదని. అయినా నీ కార్డు వచ్చేదాకా ఎక్కడో ఒక మూల ఆశ. ఉరిశిక్ష పడ్డవాడు కాగితంలో అచ్చుతప్పు కోసం వెతికినట్టు.

చెప్పేస్తాను. నాన్చితే నువ్వే చంపుతావు.

నా వ్యాసం చదివి ఒక రిటైర్డు లెక్కల మాస్టారు ఉత్తరం రాశాడు. "అమ్మా, మా ఊళ్ళో బ్రోకర్లే లేరు. ఇల్లు కావాలంటే తలుపు కొట్టి అడుగుతారు. మీరు తిట్టింది మా ఊరినో, ఆ ఊరినో తెలియడం లేదు. మీ పట్టికలో మా ఊరి లెక్కలు వేసి, పేరు మాత్రం ఆ ఊరిది వేశారు. మా ఊరి పేరులో ఒత్తు ఉంటుంది. దాన్ని ఎవరు మింగారు?" ఇదీ ఉత్తరం. రెండు ఊళ్ళు వదినా! ఒకే రాష్ట్రంలో, బస్సులో నాలుగు గంటల దూరంలో. ఒకదాని పేరులో ఒత్తు ఉంది, ఇంకోదానిలో లేదు. తక్కువ అద్దె, మంచి గాలి ఉన్నది ఒత్తు ఉన్న ఊరు. మిమ్మల్ని నేను పంపింది ఒత్తు లేని ఊరికి. రాళ్ళు పిండి కొట్టే ఊరికి. ఊపిరందని మనిషిని.

ఉత్తరం చదవగానే నాకు ముందు ఎవరి మీద అనుమానం వచ్చిందో తెలుసా? పట్టిక రాసిన విలేఖరి మీద. ఈ కాలం పిల్లలకు ఒత్తులు రావు, దీర్ఘాలు రావు అని తిట్టుకుంటూ పాత కాపీల కట్ట విప్పాను. ఆ అమ్మాయి ఒత్తుతోనే రాసింది. గుండ్రంగా, ముత్యంలా. దాని మీద ఎర్రసిరాతో అడ్డగీత. ఆ గీత నాది. నా గీతని నేను పోల్చుకోలేనా? చివర చిన్న తోక వస్తుంది.

అక్కడితో అయిపోతే, చెయ్యి జారింది అనుకునేదాన్ని. రెండో ప్రూఫులో ఆ అమ్మాయి ఒత్తు మళ్ళీ పెట్టి, పక్కన మార్జిన్లో ప్రశ్నార్థకం వేసింది. నేను మళ్ళీ కొట్టేశాను. అంతేకాదు, ఆమెను నా బల్ల దగ్గరికి పిలిచాను. "మేడం, అది వేరే ఊరు..." అని ఏదో అనబోయింది. "నువ్వు పుట్టకముందు నుంచి ఒత్తులు దిద్దుతున్నాను. నాకు నేర్పుతావా?" అన్నాను. నలుగురూ నవ్వారు. ఆ అమ్మాయి కాగితం తీసుకుని వెళ్ళిపోయింది. మాట నెగ్గానని ఆ పూట నాకెంత హాయిగా ఉందో!

ఒత్తు లేని ఊరి పేరు నాకు సిమెంటు బస్తాల మీద చూసి తెలుసు. ఒత్తు ఉన్న ఊరి పేరు ఎప్పుడూ వినలేదు. నాకు తెలియనిది కాబట్టి అది తప్పే అయి ఉంటుందనుకున్నాను. ఇంకేమీ లేదు వదినా, ఇంతే కారణం. నిఘంటువు చేతికందేంత దూరంలో ఉంది. పటం గోడకు వేలాడుతోంది. తలెత్తలేదు.

ఊరూరా తిరిగి "మీకు తెలియని బతుకుల మీద గీతలు గీయకండి" అని అధికారులకు చెప్పేదాన్ని నేను. మురికివాడని పటంలో చూపించలేదని మునిసిపాలిటీ ముందు కూర్చున్నదాన్ని నేను. ఒక ఊరిని ఊరంతా ఒక గీతతో కొట్టేశాను. ఆ తర్వాత నువ్వు దుమ్ము అని రాస్తే, పట్టిక అని జవాబు రాశాను. ఓనర్లని తిట్టాను, బ్రోకర్లని తిట్టాను. ఆ తిట్లు వెనక్కి తీసుకోను, అవి న్యాయమైన తిట్లే. చిరునామా తప్పు. మొదటి కాపీ నా పేరుకి రావాల్సింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇది చెప్పకపోతే పైదంతా నాటకమవుతుంది. మాస్టారి ఉత్తరం వచ్చాక మూడు రోజులు నీకు చెప్పకుండా దాచేద్దామనే చూశాను. "ఆ ఊళ్ళో గాలి మీకు పడలేదు, ఇంకో ఊరు చూద్దాం" అని రాసి, నెమ్మదిగా ఒత్తు ఉన్న ఊరి వైపు నడిపిద్దామనుకున్నాను. ఆ ఉత్తరం సగం రాశాను కూడా. భలే సాఫీగా వచ్చింది. అది చూసి భయమేసి చింపేశాను.

ఎడిటరు దగ్గరికి వెళ్ళి సవరణ వేయాలన్నాను. "ఒక్క ఒత్తుకి సవరణేమిటండీ? ఎవరు చూస్తారు?" అన్నాడు. చూసినవాళ్ళలో ఒకరు అసలు ఊరికి నాలుగు గంటల దూరంలో దగ్గుతున్నారని చెప్పాను. వచ్చే సంచికలో వేస్తానని ఒప్పుకున్నాడు. ఆ విలేఖరి అమ్మాయికి కూడా అందరి ముందే చెప్పాను, తప్పు నాదని. ఆమె "పర్లేదు మేడం" అంది. పర్లేదు అనేంత చిన్నది కాదు అది, ఆమెకూ తెలుసు.

ఇక నువ్వు చెప్పు. అన్నయ్య మెట్లెక్కుతున్నాడా అని అడిగితే నువ్వు ఆ ప్రశ్నకు జవాబే రాయలేదు. మాకు ఇక్కడ గడువు ఇంకా ఇరవై ఆరు రోజులు. మీరు రమ్మంటే వస్తాం, వద్దంటే వేరే దారి చూసుకుంటాం. వద్దనే హక్కు నీకుంది. తిట్టే హక్కు అంతకంటే ఉంది. పొదుపుగా తిట్టకు.

ఏ ముఖంతో సంతకం పెట్టాలో తెలియని
నీ వదిన


*


వదినా,

నువ్వు రాసినంత చక్కగా నాకు రాయడం రాదు. తప్పులుంటే దిద్దుకో. వద్దులే, దిద్దకుండానే చదువు.

ఒత్తు సంగతి నాకు మేం దిగిన ఎనిమిదో రోజే తెలిసింది. ఈయన్ని ఇక్కడి ఆస్పత్రికి తీసుకెళ్తే నర్సు నవ్వింది. "గాలి కోసం వచ్చారా? ఈ ఊరికా? పేపర్లో వేశారంట, అందరూ వచ్చి పడుతున్నారు. మంచి గాలి ఇక్కడ కాదమ్మా, ఒత్తున్న ఊళ్ళో" అంది. బయటికొచ్చి ఈయన బెంచీ మీద కూర్చుని, దగ్గుతూనే నవ్వాడు. "మా చెల్లెమ్మ ఒత్తులు ఏరే మనిషి కదా, బియ్యంలో రాయి అనుకుని ఏరి పారేసింది" అన్నాడు. నేను అప్పుడే నీకు రాసేద్దామంటే వద్దన్నాడు. "వాళ్ళకీ ఇల్లు పోతోంది. ఇది కూడా నెత్తిన పెడితే తట్టుకోలేదు. దుమ్ము ఉందని రాయి, చాలు. తెలివైన మనిషి, తనే కనుక్కుంటుంది" అన్నాడు.

అందుకే దుమ్ము అని రాశాను. నువ్వేం రాశావు? నేను మూలన దిగానని రాశావు. బ్రోకరు నా ముఖం చూసి మోసం చేశాడని రాశావు. వదినా, నా ముఖానికేమైంది? ముప్పై ఏళ్ళ నుంచి బేరమాడి గుడ్డ కొంటున్న ముఖం ఇది.

ఒత్తు కొట్టేసినందుకు నాకు కోపం లేదు. నేనూ ఎన్ని జాకెట్ల చేతులు పొట్టిగా కత్తిరించలేదు! కత్తిరించిన గుడ్డకి అతుకు వేయొచ్చు. కానీ గుడ్డ తొడుక్కున్న మనిషి చంక పట్టేస్తోందమ్మా అంటుంటే, "లేదు, నా కొలత కరెక్టు, నీ చెయ్యే తప్పు" అని నేను ఏనాడూ అనలేదు. నువ్వు అన్నావు. నేను దగ్గు అంటే నువ్వు పట్టిక అన్నావు. ఆ ఉత్తరం చదివిన రోజు నేను ఈయన ముందు ఏడవలేదు, మిషను తొక్కుతూ కూర్చున్నాను. దారం లేకుండా తొక్కుతున్నానని చాలాసేపటికి గాని తెలియలేదు. అదీ నా కోపం. రాసేశాను కాబట్టి ఇక సగమే ఉంది. మిగతా సగం ఎదురుగా ఉన్నప్పుడు చూద్దాం.

ఇప్పుడు పని సంగతి. ఇక్కడ నీళ్ళ ట్యాంకరు దగ్గర క్యూలో నిలబడితే, నా ముందు ఒకావిడ పర్సులోంచి మడతపెట్టిన కాగితం తీసింది. నీ పట్టికే. నీ పత్రిక చూసి ఇంకో రెండు పేపర్లవాళ్ళూ ఎత్తి రాశారంట, అదే తప్పుతో. అడుగుతూ పోతే మా రెండు వీధుల్లోనే పదకొండు కుటుంబాలు తేలాయి. ఒక మంగలాయన, ఒక బడి ఆయా, లారీలు నడిపే అన్నదమ్ములు. మా ఓనరైతే ఆ పట్టికకి ఫ్రేము కట్టించి గోడకి తగిలించాడు! అద్దె ఎందుకింత అంటే దాన్ని చూపిస్తాడు. "అంత మంచి ఊరు మరి, ఊరికే వస్తుందా?" అంటాడు.

నేను పోయిన గురువారం ఒత్తున్న ఊరికి వెళ్ళాను. గాలి ఎలా ఉందని ఎవరినీ అడగలేదు, ఏ కాగితమూ చూడలేదు. నల్లగుడ్డ ముక్క ఒకటి తడిపి, ఒక పెద్దావిడని అడిగి ఆవిడ దండెం మీద ఆరేశాను. సాయంత్రం దాకా అరుగు మీద కూర్చున్నాను. ఆవిడ నాకు పిచ్చి అనుకుని మంచినీళ్ళిచ్చింది. గుడ్డ ఎండాక దులిపితే ఏమీ రాలలేదు. అప్పుడు అద్దె అడిగాను. నీ పట్టికలో ఉన్నంతే. పైసా పెరగలేదు. ఎందుకు పెరగలేదో తెలుసా? నువ్వు పేరు కొట్టేశావు కాబట్టి అక్కడికి ఎవరూ వెళ్ళలేదు! నవ్వాలో ఏడవాలో నువ్వే చెప్పు. చవక ఊరని పేపర్లో వేస్తే, వేసిన వారానికే అది చవక ఊరు కాకుండా పోతుంది. ఇది ఎవరూ రాయరేం వదినా? నువ్వు రాయి.

నువ్వు వచ్చే సంచికలో సవరణ వేస్తున్నావు. వేయాలి. వేయొద్దంటే నువ్వు నువ్వు కావు. కానీ రెండు సంచికలు ఆగు. మేము పదకొండు కుటుంబాలూ కలిసి ఒత్తున్న ఊరికి వెళ్ళి, ఓనర్లతో మాట్లాడి, మూడేళ్ళ దాకా అద్దె పెంచకుండా కాగితాలు రాయించుకుంటున్నాం. నలుగురివి అయ్యాయి. ఒక్కొక్కళ్ళూ వెళ్తే బేరం కుదరదు, గుంపుగా వెళ్తే కుదురుతోంది. ఇది నువ్వు ఎన్నో మీటింగుల్లో చెప్పావంట, ఈయన అంటున్నాడు. నాకు అప్పుడు వినే తీరిక లేదు, యూనిఫాంల సీజను. ఈలోగా ఇంకా ఎవరైనా కాగితం పట్టుకుని ఇక్కడ దిగుతారేమోనని బస్టాండులో వంతులేసుకుని కూర్చుంటున్నాం. నిన్న నా వంతు. ఇద్దరిని బస్సు దిగనివ్వకుండా అటే పంపించాను. కండక్టరు నన్ను అవతలి ఊరి ఏజెంటు అనుకున్నాడు.

నువ్వు అడిగినదానికి జవాబు. మెట్లెక్కడం లేదు. ఇక్కడ ఎక్కలేకపోతున్నాడు, మూడో మెట్టు మీదే కూర్చుండిపోతున్నాడు. డాక్టరు ఎక్కువ రోజులు ఉండొద్దన్నాడు. ఇదీ నిజం, తగ్గించలేదు. ఆదివారం ఆయన్ని కూడా ఒత్తున్న ఊరికి తీసుకెళ్ళి చూపించాను. అక్కడా ఎగిరి గంతులేయలేదు. కానీ వాటా చూస్తూ, వంటగది చిన్నదనీ, మిషనుకి వెలుతురు చాలదనీ, ఓనరు కొడుకు ముఖం తనకి నచ్చలేదనీ ఒక్క బిగిన అన్నీ చెప్పాడు. మధ్యలో ఆగలేదు. ఆయన అంతసేపు సణగడం విని ఎన్నాళ్ళయిందో! నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. ఎల్లుండే మారిపోతున్నాం.

మా కొత్త వాటా ఉన్న మేడలోనే ఇంకో వాటా ఖాళీగా ఉంది. మీ కోసం అడిగాను గాని, ఖాయం చేయలేదు. గాలి బాగుందనీ, నీళ్ళు వస్తాయనీ, నీకు నచ్చుతుందనీ నేను ఒక్క ముక్క రాయను. ఒకరు రాస్తే ఇంకొకరు సామాను కట్టుకుని దిగడం మనకి అచ్చిరాలేదు. తాళం చెవి వచ్చే ఆదివారం దాకా నా దగ్గర ఉంచుకోనిచ్చారు. మీ ఆయనా నువ్వూ రండి. కుళాయి తిప్పి చూసుకోండి, కిటికీ తెరిచి చూసుకోండి. బాగోలేదంటే బాగోలేదను, నీతో వాదించను.

నువ్వు కూడా ఒక్క పూట వాదించకు. నేను చెప్పేది పూర్తయ్యేదాకా విను. ఆ తర్వాత నీ ఇష్టం.

నీ వదిన